వీరాచారి సార్ కళ్ల గురించి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ వంటింట్లో అవిసె గింజలు వేయించింది. నాకు కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో అన్నంలోకి అవిసె పొడి వచ్చి చేరింది. మూకుట్లో గింజలు చిటపటలాడి, ఆ నూనె వాసన హాల్లోకి వచ్చేసరికి చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఎల్బీనగర్‌లో ఐదో అంతస్తులో కూర్చున్నవాణ్ని కాస్తా దిల్‌సుఖ్‌నగర్ సందులో రెండంతస్తులు ఎక్కి, ఒక గది గుమ్మంలో నిలబడ్డట్టయింది. ఆయిల్ రంగుల్లో కలిపేది అవిసె నూనే. ఆ గదిలో గోడలకూ, కిటికీ తెరకూ, చివరికి టీ గ్లాసులకూ అదే వాసన ఉండేది.

ఆ గది వీరాచారి సార్‌ది. మీరు ఆయన పేరు విని ఉండరు. పోయినవాళ్ల బొమ్మలు వేసే మనిషి ఆయన. తూర్పు హైదరాబాదులో పాత ఇళ్ల హాళ్లలో ఇప్పటికీ ఆయన వేసిన మొహాలు ఉన్నాయి, కింద సంతకం మాత్రం ఉండదు. ఆయన్ని ఎరిగినవాళ్లు ఆయన పనితనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చివర్లో 'పాపం, ఆఖరుకు కళ్లు పోయాయి' అంటారు. ఆ చివరి మాట అబద్ధం. అది పుట్టడానికి కారణం నేను, దాన్ని పెంచిందీ నేనే. ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం వల్ల చైతన్యపురిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నా బీకాం అయ్యాక నాన్న నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించారు. కోచింగ్ మొదటి అంతస్తులో, సార్ గది దాని పైన. ఒకరోజు మంచినీళ్లకని క్లాసులోంచి బయటికొచ్చి, వాసన పట్టుకుని పైకి ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. ఈజెల్ మీద ఒక ముసలాయన మొహం, నుదుటి నుంచి గడ్డం దాకా ఆకుపచ్చగా ఉంది. ముందు కూర్చున్న సన్నటి మనిషి వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఎవలు కావాలె?"

"ఎవరూ వద్దండి. కింద కోచింగ్‌లో చదువుతున్నాను. నేను కూడా బొమ్మలు వేస్తాను."

"ఏస్తే ఏయ్. గా తలుపుల నిలబడి ఎలుతురు ఆపకు."

మర్నాడు నా బొమ్మలన్నీ ఒక సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. ఫోటో మీద గళ్లు గీసి, గడి గడీ చూసుకుంటూ పెద్దది చేసిన మొహాలు. కొలతల్లో తేడా ఉండేది కాదు. మా బంధువులందరూ అచ్చు గుద్దినట్టున్నాయని మెచ్చుకున్నవే. సార్ ఒక్కొక్కటీ నేల మీద పరిచి, గదికి ఆ చివర నిలబడి చూశారు.

"చెయ్యి మంచిగ తిరుగుతది. కానీ గీళ్లందరు ఒక్క తల్లి పిల్లలోలె ఉన్నరేందిరా?"

నాకు కోపం వచ్చింది. మళ్లీ చూస్తే నిజమే. తాతగారు, మా మేనత్త, సినిమా హీరోయిన్ అందరికీ ఒకటే నున్నటి చర్మం. మచ్చ లేదు, ముడత లేదు. అది బొమ్మ వేయడం కాదని, కడిగి ఇస్త్రీ చేయడమని సార్ అన్నారు. ఆయనకు ఆ పని సంగతి బాగా తెలుసు. అంతకుముందు ఇరవై ఏళ్లు కోఠీలో ఒక ఫోటో స్టూడియోలో నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలు చెరిపే పని చేశారు. "పెండ్లి సంబంధాల ఫోటోలన్ని నా చేతిలనే తెల్లగైనయ్" అని నవ్వేవారు. "ఎంతమంది మొగుళ్లు నన్ను తిట్టుకున్నరో ఏమో."

కోచింగ్ మానలేదు గానీ, రోజులో ఎక్కువసేపు పై అంతస్తులోనే ఉండేవాణ్ని. సార్ నాకు మొదట నేర్పింది పచ్చరంగు. మొహాన్ని ముందు పూర్తిగా పచ్చ మట్టి రంగుతో, వెలుగునీడలతో సహా వేయాలి. అది ఆరాక దాని మీద పలచగా ఎరుపు, పసుపు, తెలుపు పొరలు పొరలుగా ఎక్కించాలి. అడుగున ఉన్న పచ్చ, చెంప నీడలోనో కంటి కిందో కొద్దిగా తొంగి చూస్తుంది. అప్పుడు చర్మం బతికినట్టుంటుంది.

"దెయ్యంలా ఉంది సార్" అన్నాను, నేను వేసిన మొదటి పచ్చమొహం చూసుకుని.

"నీ చెయ్యి జూస్కో. గా నరాలు ఏం రంగున్నయ్? నువ్వు తోలొక్కటే గీస్తున్నవ్. లోపట మనిషున్నడు గదరా."

పచ్చ ఎంతవరకు కప్పాలో, ఎక్కడ వదలాలో తెలియడానికి నాకు ఏడాది పైనే పట్టింది. కొంచెం చేతనవగానే తొందర మొదలైంది. నాకంటూ ఒక స్టైల్ ఎప్పుడొస్తుంది సార్ అని రెండు మూడుసార్లు అడిగాను. ప్రతిసారీ కిటికీ తెరవమనో, కుంచెలు కడగమనో అనేవారు. ఒకరోజు మాత్రం టీ తాగుతూ జవాబు చెప్పారు.

"నేను మచ్చలు తుడిచీ తుడిచీ యాష్టకొచ్చిన. గందుకే ఇప్పుడు ఏదీ తుడవ. గదే నా స్టైలు. నీకు ఏది యాష్టకొస్తదో సూడాలె. ఇరవై రెండేండ్లకు ఏం యాష్టకొస్తదిరా నీకు, మీ నాయిన తప్ప?"

ఆయన పద్ధతి ఒకటి ఉండేది. ఫోటో తీసుకుని వెంటనే పని మొదలుపెట్టేవారు కాదు. ఆ ఇంటికి వెళ్లి ఒక పూట కూర్చునేవారు. సాధారణంగా నన్ను వెంట తీసుకెళ్లేవారు. సరూర్‌నగర్‌లో ఒక బస్సు కండక్టర్ పోతే ఆయన భార్యను సార్ అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "నీ మీద కోపమొస్తే ఎటు జూస్తుండెనమ్మా?" ఆమె ఏడుస్తున్నదల్లా ఆగి నవ్వింది. "నా దిక్కు జూస్తే గదా సారూ! ఫ్యాన్ దిక్కు జూస్తుండె." ఫోటోలో ఆయన కెమెరాకేసి సూటిగా చూస్తున్నాడు. సార్ మాత్రం చూపు ఒక వెంట్రుకవాసి పైకెత్తారు. బొమ్మ తీసుకెళ్లి గుడ్డ తీసిన రోజున ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏందయ్యా, మల్ల ఫ్యాన్ దిక్కేనా?" అని బొమ్మను గదమాయించి, తర్వాత కూలబడి ఏడ్చింది.

ఇంత చూసినవాణ్ని. ఆ పూట కూర్చోవడంలోనే అసలు బొమ్మ ఉందని తెలిసినవాణ్ని. అల్మాస్‌గూడ వెళ్లే రోజున ఎగ్గొట్టాను.

అల్మాస్‌గూడ అప్పుడప్పుడే ఊరి నుంచి కాలనీగా మారుతోంది. పొలాలు ప్లాట్లయి, పాత రైతు కుటుంబాలు కొత్త ఇళ్లు కట్టుకుంటున్న కాలం. అలాంటి ఒక ఇంటి పెద్దకొడుకు వచ్చి, తల్లి నర్సమ్మ సంవత్సరీకానికి పెద్ద బొమ్మ కావాలన్నాడు. ఉన్నది ఒక్కటే ఫోటో, రేషన్ కార్డుకని ఎప్పుడో తీసిన నలుపు తెలుపుది, వెలిసిపోయింది. సార్ ఆ ఇంటికి బయల్దేరిన రోజున దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త సినిమా. స్నేహితుడు నాక్కూడా టికెట్ తీసిపెట్టాడు. కడుపునొప్పి అని సార్‌కు చెప్పాను. మర్నాడు, వాళ్లేం చెప్పారని అడగనూ లేదు.

ఆ రోజుల్లోనే సార్ కళ్లద్దాలు మార్చారు. కొత్తవి కుదురుకునే దాకా కొన్ని వారాలు కాన్వాసు మీదికి బాగా వంగి వేసేవారు. ఆయనకు చూపు తగ్గుతోందని నేను తీర్మానించుకున్నాను. ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది. ఆయనకు ఇక నా కళ్లు కావాలి, నా చెయ్యి కావాలి అనే ఊహ, చాలా రోజులుగా నాకు దొరకని పొగడ్తలా అనిపించేది.

బొమ్మ ఇవ్వాల్సిన ముందురోజు సార్ హయత్‌నగర్‌లో బంధువుల పెళ్లికి వెళ్లారు. రేపొద్దున తీసుకెళ్లాలి, దుప్పటి చుట్టి ఉంచమని నాకు చెప్పారు. చుట్టబోతూ చూస్తే నర్సమ్మ కనుబొమల మధ్య చిన్న పచ్చటి గీత, దాని కింద చుక్క. అడుగు రంగు అక్కడ కప్పకుండా వదిలేశారనుకున్నాను. చెంప నీడలో కనిపించాల్సిన పచ్చ, నుదుటి నడిమధ్యన ఎందుకుంటుంది? సార్‌కు కనిపించలేదు, అంతే. కుంచె తీసుకున్నాను. తెలుపు, పసుపు మట్టి, కాస్త ఎరుపు. చుట్టూ ఉన్న చర్మంలో ఎక్కడా తేడా తెలియకుండా కలిపి అద్దాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తడిరంగుకు గుడ్డ అంటకుండా అడ్డంగా రెండు పుల్లలు పెట్టి, దుప్పటి చుట్టాను. గురువు పొరపాటును గుట్టుగా సర్దినందుకు నా మీద నాకు గౌరవం కూడా కలిగింది.

పొద్దున్నే ఆటోలో అల్మాస్‌గూడ వెళ్లాం. హాలు నిండా చుట్టాలు. పెద్దకొడుకు గుడ్డ తీశాడు. చుట్టాలంతా "అచ్చం నర్సమ్మనే" అన్నారు. చిన్నకూతురు దగ్గరికొచ్చి బొమ్మ నుదుటి వైపు చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"సారూ, పచ్చబొట్టేదీ?"

ఆమె గొంతు పెంచింది. "ఆ పూటంతా గదే జెప్తిని గదా సారూ నీకు! మా నాయిన పోయినంక మా అమ్మ బొట్టు తీసిన్రు, గాజులు తీసిన్రు. గీ పచ్చబొట్టు మాత్రం ఎవ్వలతోని తీయరాలె. నువ్వు తీసేసినవా?"

సార్ ముందుకొచ్చి, నుదుటి మీద బొటనవేలు ఆనించారు. వేలికి తడిరంగు అంటింది. ఆ వేలిని చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం. వేలిని ప్యాంటుకు తుడుచుకుని ఆమె వైపు తిరిగారు.

"తప్పయింది బిడ్డా. కండ్లు మసకలైతున్నయ్. పచ్చబొట్టు ఏసి, పైనుంచి నేనే రంగు పూసినట్టున్న. జర దూది, కొబ్బరినూనె ఇయ్యి."

నూనెలో ముంచిన దూదితో నెమ్మదిగా అద్దారు. నేను పూసిన రంగు వచ్చేసింది. కింద ఎప్పుడో ఆరిపోయిన పచ్చగీత, చుక్క అలాగే ఉన్నాయి. చిన్నకూతురు దాన్ని వేలితో తాకి చూసుకుంది. బొమ్మకు నష్టమేమీ జరగలేదు. నష్టం సార్‌కు జరిగింది. పెద్దకొడుకు భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ చెప్తూనే ఉన్నాడు: "పాపం పెద్దమనిషికి కనిపిస్తలేదు. ఆయన ఏసిందే ఆయనకు కనిపియ్యకపాయె."

నేను అక్కడే ఉన్నాను. చేతిలో విస్తరి పట్టుకుని నిలబడి అంతా విన్నాను.

తిరుగు ప్రయాణంలో ఆటో కుదుపులకు దుప్పటి నా ఒళ్లోంచి జారుతుంటే సర్దుకుంటూ కూర్చున్నాను. చెప్పాలనుకున్నాను. గుర్రంగూడ దాటాక చెబుదామనుకున్నాను, తర్వాత బీఎన్‌రెడ్డి నగర్ దగ్గర. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు సార్ రోడ్డుకేసి చూస్తూనే అన్నారు.

"రంగు మంచిగ కలిపినవ్. తేడానే తెలుస్తలేదు."

ఆయన తిట్టి ఉంటే ఏడ్చి చెప్పేసేవాణ్నేమో. ఆ మాటకు నా నోరు మూతపడిపోయింది. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇంతవరకు చేసింది తెలియనితనం, పిరికితనం. తర్వాత చేసింది వేరు. అల్మాస్‌గూడ, నాదర్‌గుల్ వైపు కుటుంబాల నుంచే సార్‌కు ఎక్కువ పని వచ్చేది. ఆ పెద్దకొడుకు మాట ఆ ఊళ్లన్నీ తిరిగింది. నెల తర్వాత, సార్ లేనప్పుడు నాదర్‌గుల్ నుంచి ఒకాయన వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు, "సారుకు కండ్లు పోయినయంట గదా, నిజమేనా?" లేదండి అంటే అయిపోయేది. నేను అన్న మాట ఇది: "కొంచెం ఇబ్బందిగానే ఉందండి. ఫర్వాలేదు, నేను చూసుకుంటాను." ఆ బొమ్మ మా ఇంట్లో కూర్చుని వేశాను. దాని తర్వాత ఇంకొకటి. ఏడాది తిరిగేలోగా ఎల్బీనగర్‌లో నాకు సొంత గది, బయట నా పేరుతో బోర్డు. దిల్‌సుఖ్‌నగర్ గది సార్ ఖాళీ చేసి, హయత్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.

ఒక్కసారి నా గదికి వచ్చారు. కూతురు సునంద ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం కిటికీలోంచి చూశాను. అయితే నిజంగానే కళ్లు పోయాయన్నమాట అనుకుని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. సార్ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, ఎదురు గోడకున్న బొమ్మ చూసి, "ఎడమ చెవి జర కిందికైందిరా పర్సాదూ" అన్నారు. వాళ్లు వెళ్లాక కొలిచి చూశాను. అయింది. గదికి ఆ చివర నుంచి అది కనిపించిన మనిషికి కళ్లు లేకపోవడమేమిటని నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడం నాకు అనుకూలంగా ఉంది.

ఇప్పుడు నా బొమ్మల్లో నలుగురూ గుర్తుపట్టేది ఒకటుంది. మొహంలో ఎక్కడో ఒకచోట అడుగు పచ్చను కప్పకుండా వదిలేస్తాను. నుదుటి మీదో, గడ్డం కిందో, చూసేవాళ్లకు పొరపాటులా కనిపించేంతగా. అదే ప్రసాద్ శైలి అని పేపర్లలో రాశారు. అది ఎలా పట్టుబడిందని అడిగిన ప్రతివారికీ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశానని చెప్పాను. జరిగింది వేరే. అల్మాస్‌గూడ తర్వాత పచ్చ మీద పూర్తిగా రంగు కప్పాలంటే నా చెయ్యి ఆగిపోయేది. ఎక్కడో ఒకచోట వదిలేస్తే తప్ప బొమ్మ ముగించలేకపోయేవాణ్ని. కిందటేడు నా బొమ్మల ప్రదర్శనకు అచ్చేసిన కాగితంలో, గురువుగారి చూపు మందగించాక ఆయన పని భారం తలకెత్తుకున్నాడు అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసిచ్చింది నేనే. సార్ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు.

అవిసె గింజల వాసన వచ్చిన ఆదివారం సాయంత్రమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. ఇంతవరకు రాశాక, అచ్చుకు ఇచ్చే ముందు హయత్‌నగర్ వెళ్లి సునందక్కకు చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"నాన్న ఎన్నడు చెప్పలే" అంది, నేను కాగితాలు మడిచాక. "మేం గూడ నమ్మినం ప్రసాదూ. ఊరంతా అంటుంటే నమ్మమా? ఏడ గుద్దుకుంటడోనని బండి తియ్యనియ్యలే. ఒక్కన్ని రోడ్డు మీదికి పోనియ్యలే. రంగులు మీద పోసుకుంటడని ఆ డబ్బా దీస్కపోయి అటక మీద పెట్టిన. ఇయ్యమని ఒక్కసారి అడిగిండు. కండ్లు కనిపియ్యకుంట ఏం బొమ్మలేస్తవు నాన్నా అన్న. మల్ల అడగలే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా కుట్టుమిషన్ సూదిల దారం ఆఖరి దాక ఆయనే ఎక్కిస్తుండె. నాకు అద్దాలు పెట్టుకున్నా కనిపియ్యదు. 'ఇటియ్యి' అని ఒక్కసారికే ఎక్కిస్తుండె. రోజూ జూసిన. చేతి అలవాటు గావచ్చు అనుకున్న. గింత జూసి గూడ, నాకు సమజ్ గాలె."

క్షమించమని అడగడానికే వచ్చాను గానీ, అక్కడ ఆ మాట చాలా చిన్నదైపోయింది. ఒక్క ఆర్డరు కోసమో ఒక్క బోర్డు కోసమో సార్ పేరు తీసుకున్నాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆయన చేతిలోంచి కుంచెనే తీసేశానని అప్పుడు తెలిసింది. నా తప్పు బయటపెట్టకూడదని, కళ్లున్న మనిషి అన్నేళ్లు కళ్లు లేనివాడిలా చెయ్యి పట్టించుకుని నడిచాడు.

ఆమె స్టూలు వేసుకుని అటక మీది డబ్బా దించింది. ట్యూబులు రాళ్లలా గట్టిపడ్డాయి. రెండింటికి ఇంకా మూత సీలు కూడా తియ్యలేదు. నేను చెయ్యి చాపలేదు. ఆమె కూడా నాకు ఇవ్వలేదు. ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ పెట్టి మూత వేసింది.

గుమ్మం దాకా వచ్చి, "సూది సంగతి గూడ రాయి" అంది.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు నేర్చుకుంటున్నారు. వాళ్ల కాన్వాసు మీద ఏది తేడాగా కనిపించినా, కుంచె ముట్టుకునే ముందు "ఇది ఇలా ఎందుకు పెట్టావమ్మా?" అని అడుగుతాను. వాళ్లకు అది విసుగు. నాకు మాత్రం, ఇరవై ఏడేళ్ల కింద పెళ్లి నుంచి తిరిగొచ్చే ఒక మనిషి కోసం ఒక్క పూట ఆగి అడగాల్సిన ప్రశ్న అది. ఎంతమందిని అడిగినా అడగాల్సిన ఆయనకు చేరదు.

ఆమె రాయమన్నది రాశాను. వీరాచారి సార్ కళ్లు చివరి దాకా బాగున్నాయి. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేవారు. అల్మాస్‌గూడ నర్సమ్మ పచ్చబొట్టు మీద రంగు పూసింది నేను.